ఎవరి చేతిలో ఆగితే

పదకొండు దాటేసరికి గడ్డి కోసే రెండో మెషిన్ కూడా దగ్గడం మొదలుపెట్టింది.

మొదటిది పొద్దున్నే పోయింది. క్లబ్బు భవనం మెట్ల దగ్గర, పొడుగోడి చేతిలో, పెద్దగా ఒక అరుపు అరిచి బ్లేడు బిగుసుకుపోయింది. ఇద్దరు పట్టి దాన్ని షెడ్డు దాకా ఈడ్చుకెళ్ళారు. అప్పట్నుంచీ పొడుగోడు పళ్ళకర్ర పట్టుకుని, వంగడానికి ఏమాత్రం అలవాటులేని ఆ ఒంటిని వంచుకుని, ఆడవాళ్ళ పక్కన కోసిన గడ్డి గీకుతున్నాడు. పలకరిస్తే పలకడం లేదు.

రాత్రి వాన పడింది. తడిసిన గడ్డి కోతకు లొంగదు. బ్లేడు కింద ముద్ద కట్టుకుంటుంది. కాస్త దూరం తోశాక మెషిన్‌ని పక్కకి వాల్చి, కర్రముక్కతో ఆ పచ్చటి ముద్దను పెకలించి, మళ్ళీ తాడు లాగాలి. మామూలు రోజైతే గడ్డి ఆరేదాకా ఆగి మొదలుపెట్టేవాళ్ళు. ఇవాళ ఆగే వీల్లేదు. సాయంత్రం నాలుగింటికి ఈ లానులోనే ఇళ్ళ ఓనర్ల మీటింగు. అప్పుడే వ్యానులోంచి కుర్చీలు దింపేస్తున్నారు. ఒకదానిలో ఒకటి దూర్చిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు గోడ పొడుగునా దొంతర్లుగా నిలబడ్డాయి. కోయాల్సిన గడ్డి మాత్రం సగానికి పైగా అలాగే ఉంది.

"ఆ కుర్చీలు ఎక్కడ వేస్తారట, మన నెత్తి మీదా?" అంది పిన్ని, గడ్డి సంచీ మూతి బిగించి కడుతూ.

పిన్ని ఎవరికీ పిన్ని కాదు. అందరికీ పిన్నే. కూతురింట్లో ఉంటుంది. వారం కూలి తెచ్చి అల్లుడి చేతిలో పెడుతుంది. ఒక వారం తగ్గితే ఆ ఇంట్లో అన్నం పళ్ళెం కాస్త చప్పుడుతో కిందికి దిగుతుంది. ఆ సంగతి కూడా నవ్వుతూనే చెబుతుంది.

ఆమె పక్కన గీకుతున్నామెకి దువ్వెన అని పేరు పెట్టింది కూడా పిన్నే. "నువ్వు గీకిన చోటు స్కూలుకెళ్ళే పిల్ల తల దువ్వినట్టు ఉంటుందే" అందొకసారి. ఆ రోజునుంచీ ముఠా అంతా దువ్వెన అనే పిలుస్తారు, ఆమె మొగుడు తప్ప. అతనికి ఆమె 'ఏమే'. అతన్ని అందరూ పైలట్ అంటారు. మెషిన్ తోస్తున్నంతసేపూ నేలకేసి చూడకుండా, మెడ నిక్కించి, ఎక్కడో దూరంగా ఆకాశంలోకి చూస్తూ నడుస్తాడని.

ఆ పైలట్ చేతిలోనే ఇప్పుడు రెండో మెషిన్ దగ్గుతోంది.

దువ్వెన తలెత్తి చూసింది. అందరూ చూశారు. ఆ చప్పుడు ఈ ముఠాలో ఎవరికైనా నిద్రలో వినపడినా తెలుస్తుంది. ఇంజను ఉన్నట్టుండి ఊపిరి మింగి, రెండుసార్లు కొట్టుకుని, మళ్ళీ అందుకుంటుంది. కాసేపు బాగానే ఉంటుంది. మళ్ళీ మింగుతుంది.

కాంట్రాక్టరుది ఒక పద్ధతి ఉంది. మెషిన్ ఎవరి చేతిలో ఆగితే రిపేరు వాళ్ళది. అది ఎన్నేళ్ళ పాతది, దాంట్లో ఆయిలు మార్చి ఎంత కాలమైంది, ఇవేవీ అడగరు. ఆగినప్పుడు పిడి మీద ఎవరి చేతులున్నాయి అన్నదొక్కటే అడుగుతారు. ఏడాదిలో మూడుసార్లు ఆగితే మెషిన్ మీంచి దింపి పళ్ళకర్ర చేతికిస్తారు. మెషిన్ మీద రోజుకి ఆరువందలు, పళ్ళకర్రకి మూడువందల యాభై.

నిజానికి ఆ మెషిన్లకి పిడి వెంబడి ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని పిడితో కలిపి పట్టుకున్నంతసేపే ఇంజను నడవాలి, వదిలితే ఆగిపోవాలి. మనిషి కాలు జారి పడితే ప్రాణానికి ముప్పు రాకుండా అలా తయారుచేశారు. కానీ చెమట తుడుచుకోవడానికి చేయి తీసినా పని ఆగిపోతోందని కాంట్రాక్టరు అన్ని మెషిన్లకీ ఆ కడ్డీని తీగతో కట్టించేశాడు. దాంతో చేయి మారినా ఇంజను ఆగదు. ఆ తీగలోంచే ముఠాలో ఇంకో అలవాటు పుట్టింది. మెషిన్ దగ్గడం మొదలుపెడితే చాలు, దాని వెనకున్న మనిషికి దాహం వేస్తుంది. "కాస్త పట్టుకోరా, నీళ్ళు తాగొస్తా" అని పక్కవాడికి అందించి వెళ్ళిపోతాడు. పట్టుకున్నవాడికి చెవులు లేక కాదు. కానీ కాదనకూడదు. ఇవాళ కాదంటే రేపు అతని దాహానికి ఎవరూ రారు. అందుకే పట్టుకుని, మనసులో తిట్టుకుంటూ, తను కూడా ఎవరికి అందించాలా అని చుట్టూ చూస్తాడు.

"ఏమే, ఇలా రా" అని పిలిచాడు పైలట్.

దువ్వెన పళ్ళకర్ర అక్కడే పడేసి వెళ్ళింది.

"కాస్త పట్టుకో. నీళ్ళు తాగొస్తా."

ఇంకెవరు ఆ మాటన్నా ఆమెకి అర్థమయ్యేది. అతనన్నాడు కాబట్టి, ఇంకోలా అర్థమయింది. వరండాలో, కాంట్రాక్టరు తరఫున పని చూసే మేస్త్రీ నిలబడి ఇటే చూస్తున్నాడు. మేస్త్రీ కళ్ళముందు తనతో నాలుగు చాళ్ళు తోయించాలని పిలిచాడనుకుంది.

క్లబ్బుకి అటుపక్క మూడో మెషిన్ తోసే తాత ఈ నెలాఖరుకి మానేస్తున్నాడు. చూపు తగ్గి పూలమొక్కలకీ గడ్డికీ తేడా తెలియడం లేదని ఆయనే చెప్పుకున్నాడు. ఒకటో తారీకు నుంచి ఆయన మెషిన్‌కి మనిషి కావాలి. మూడు వారాలుగా దువ్వెన మధ్యాహ్నం అందరూ తిండి దగ్గర కూర్చున్నప్పుడు, షెడ్డు వెనక తాత మెషిన్ తోసి నేర్చుకుంది. మేస్త్రీ ఒకరోజు ఆగి చూసి, "ఒద్దికగానే తోస్తున్నావే, చూద్దాంలే" అన్నాడు. ఆడమనిషికి మెషిన్ ఇవ్వడం అతని చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. అయినా ఆ 'చూద్దాంలే'ని ఆమె ఇంటికి తీసుకెళ్ళి, పిల్లలు పడుకున్నాక, ఎన్నోసార్లు తిరగేసి చూసుకుంది. ఉంటున్న ఒక్క గదిలోనే వంటా, పడకా, అత్తగారి మంచమూ. పక్క గది ఖాళీ అయింది, ఒకటో తారీకు దాకా ఎవరికీ ఇవ్వనని ఇంటామె మాటిచ్చింది. అది ఒక ఆశ. ఇంకోటి ఎవరికీ చెప్పుకునేది కాదు. మెషిన్ పని నిలబడి చేసే పని. పన్నెండేళ్ళుగా ఆమె నేలను చూస్తూ బతికింది. తలెత్తి ముందుకు చూస్తూ నడిచే పనికి ఎవరైనా కూలి ఇస్తారా అని ఆమెకి ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ఆమె పిడి పట్టుకుంది. సంతోషంతో చెవులు మూసుకుపోయాయేమో, పది అడుగులు వేసేదాకా దగ్గు వినపడలేదు. వినపడేసరికి పైలట్ కొళాయి దగ్గర వంగి ఉన్నాడు. ఇంజను ఒకసారి ఊపిరి మింగింది. రెండోసారి మింగింది. ఇక అందుకోలేదు.

లాను ఈ పక్కంతా ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంది. దూరంగా కుర్చీలు దింపుతున్నవాళ్ళ మాటలు దగ్గరగా వినిపించాయి.

దువ్వెన తాడు లాగింది. మళ్ళీ లాగింది. తాడు తడిచి ఉంది, అరచేతిలో పాత బొబ్బ చిట్లింది. కాలు మెషిన్ మీద ఆనించి, భుజం ఊడిపోయేలా లాగింది. లోపల ఏదో గరగరమంది, అంతే. పొడుగోడు పళ్ళకర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. పిన్ని చూడలేక సంచీ మూతి విప్పి మళ్ళీ కట్టింది.

మేస్త్రీ మెట్లు దిగి వచ్చాడు. చెవి దగ్గర ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎవరి చేతిలో ఆగింది?"

అది అడిగే మాట కాదు, అనే మాట. ఎదురుగా కనపడుతున్నా ముందు అది అంటాడు.

దువ్వెన మొగుడికేసి చూసింది. అతను కొళాయి దగ్గర గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసుని కడుగుతున్నాడు. కూలివాళ్ళు ఎత్తుకుపోతారని క్లబ్బువాళ్ళు ఆ గ్లాసుకి గొలుసు వేశారు. దాన్ని అతను లోపలా బయటా, జీవితంలో ఏ గ్లాసునీ అంత శ్రద్ధగా కడగలేదన్నట్టు కడుగుతున్నాడు.

"వదిన చేతిలోనే" అన్నాడు చివరికి పొడుగోడు, నేలకేసి చూస్తూ.

"సరే. ఇంకేముంది" అన్నాడు మేస్త్రీ. "తాత మెషిన్ ఇద్దామనుకుంటుంటే, చేతిలో పెట్టకముందే ఆపేశావా నువ్వు."

*

తిండి గోడ నీడన. దువ్వెన డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. పైలట్ సగం తిన్నాక ఆమెకేసి చూశాడు.

"తినవే. ఆకలితో ఉంటే మెషిన్ బాగవుతుందా?"

"నీకు తెలుసు" అంది ఆమె.

"ఏం తెలుసు?"

"అది ఆగుతుందని."

"పొద్దుట్నుంచీ దగ్గుతూనే ఉందది. ఫలానా టైముకి ఆగుతానని నాకేమన్నా చెప్పిందా?"

"దాహమేస్తే పొడుగోణ్ణి పిలవచ్చుగా."

"వాడికి పొద్దున్నే ఒకటి పడింది. మళ్ళీ వాడి నెత్తినే వేస్తే ఏం బాగుంటుంది?"

"నా నెత్తిన వేస్తే బాగుందా?"

పైలట్ డబ్బా కింద పెట్టాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చూడు. నాకు ఇప్పటికే రెండయ్యాయి. ఇది మూడోది అయితే నన్ను దింపేస్తారు. ఇద్దరం పక్కపక్కన గీక్కుంటూ బతకాలి. నీకు మొదటిది. నీకేం పోయింది? రిపేరు డబ్బంటావా, నాలోంచి పోయినా నీలోంచి పోయినా పోయేది మనింట్లోంచేగా."

"నాకు తాత మెషిన్ పోయింది."

"అది వస్తేగా పోవడానికి. మేస్త్రీ ఏదో నోటికొచ్చిందంటే పట్టుకుని కూచున్నావు. వాడు ఆడవాళ్ళకి మెషిన్ ఇస్తాడా, నీ పిచ్చిగానీ."

"ఇవ్వడని నీకంత తెలిస్తే, మూడు వారాలు నేను తిండి మానుకుని తోస్తుంటే చూస్తూ ఎందుకూరుకున్నావు?"

అబద్ధం చెప్పాలనుకోలేదు అతను. "సరదా పడుతున్నావు కదా అని" అన్నాడు.

మెషిన్ ఆగినప్పటికన్నా ఈ మాటకి ఎక్కువ నిశ్శబ్దం వచ్చింది ఆమె లోపల. తాగి కొట్టే మొగుడు కాదు అతను. జ్వరమొస్తే ఆమె వంతు గడ్డి తను గీకి పెడతాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకి ఏం కావాలో అతనికి తెలుసనే అనుకుంటూ వచ్చింది. అతనూ అలాగే అనుకుంటున్నాడు కాబోలు.

కిందటి చలికాలంలో ఒక రాత్రి అతను ఇంటికొచ్చి, దగ్గుతున్న మెషిన్‌ని తాతకి ఎలా అంటగట్టాడో ఆడి చూపించాడు. తాత చేతిలో అది ఆగగానే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ మెషిన్‌కేసి చూసిన తీరు. ఆమె అన్నం గిన్నె మూత చేత్తో పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. అత్తగారు కూడా మంచం మీంచి నవ్వింది. ఆ రాత్రి తాత ఇంట్లో ఏం జరిగి ఉంటుందో అని అప్పుడు ఆమెకి తోచలేదు. ఇప్పుడు తోచింది.

గోడకి అటువైపు తాత ఒక్కడే కూర్చుని తింటున్నాడు. పిన్ని ఆయన్ని ఆట పట్టిస్తోంది.

"ఏం తాతా, వెళ్ళిపోయే ముందు నాకూ ఓసారి నీ మెషిన్ ఇవ్వవూ? చచ్చేలోగా ఒక్కసారైనా తోసి చూడాలనుంది."

"నువ్వు తోస్తే అది నిన్ను లాక్కుపోతుందే."

"లాక్కుపోనీ. ఎక్కడికి లాక్కుపోయినా మా అల్లుడింటికన్నా నయమే."

తాత పొలమారేదాకా నవ్వాడు. దువ్వెన డబ్బా తెరిచి, రుచి తెలియకుండా తినేసింది.

*

మెకానిక్‌కి ఫోను చేస్తే రేపొస్తానన్నాడు. క్లబ్బు మేనేజరు మూడుసార్లు వరండాలోకి వచ్చి, ఏమీ అనకుండా, గడ్డికేసీ గడియారానికేసీ చూసి వెళ్ళాడు. అతను వచ్చినప్పుడల్లా మేస్త్రీ నిటారుగా అయ్యేవాడు, వెళ్ళాక కూలివాళ్ళ మీద అరిచేవాడు. చివరికి షెడ్డులో రెండు మెషిన్లనూ పక్కపక్కన పడుకోబెట్టి, పొద్దున పోయినదాని ప్లగ్గూ పెట్రోలు గొట్టమూ ఊడదీయించి రెండోదానికి వేయించాడు. పొడుగోడు తాడు లాగాడు. అంటుకుంది. నల్లటి పొగ వచ్చింది, తరవాత తెల్లటి పొగ, తరవాత ఒక మాదిరి చప్పుడు.

"ఇవాళ్టికి నడిస్తే చాలు" అన్నాడు మేస్త్రీ. చుట్టూ చూశాడు. "తాత అటుపక్క కొడతాడు. పైలట్, నువ్వు బ్రష్ కట్టర్ తీసుకుని అంచులు చూడు. దువ్వెనా, ఇలా రా. ఇది నీ చేతిలోనే ఆగింది, నువ్వే పట్టుకో. నాలుగు లోపల ఈ పక్కంతా ఆగకుండా పూర్తిచేశావనుకో, పొద్దుటి సంగతి నేను మర్చిపోతా. తాత మెషిన్ గురించి కూడా చూద్దాం."

"మళ్ళీ ఆగితే మేస్త్రీగారూ?"

"ఆగితే రెండోది అవుతుంది. ఆపకుండా చూసుకో, అంతేగా."

ఆమె పట్టుకుంది. ఈసారి పూర్తిగా తెలిసి పట్టుకుంది. కడ్డీకి కట్టిన తీగ అరచేతిలో బొబ్బ చిట్లిన చోటే గుచ్చుకుంటోంది. కొంచెం పక్కకి జరిపి పట్టుకుంది.

గడ్డి కాస్త ఆరింది. మెషిన్ నడిచింది. ఒక చాలు పోయి తిరిగి, దాన్ని ఆనుకునే రెండో చాలు. కోసిన చాలూ కోయని గడ్డీ కలిసే గీత ఎక్కడా వంకర పోలేదు. ఆమె కళ్ళు ముందున్న గోడ మీద పెట్టుకుంది, కాళ్ళు వాటంతట అవే తిన్నగా నడిచాయి. వీపు నొప్పి లేదు. పచ్చి గడ్డి వాసన నేలకి వంగినప్పుడు వచ్చేదాని కన్నా ఇక్కడ, నిలబడినప్పుడు, వేరేగా ఉంది. కాసేపు మొగుడి మీద కోపం కూడా మర్చిపోయింది. వెనకే పిన్ని గీక్కుంటూ వస్తోంది. "అబ్బో, పైలట్ పెళ్ళాం కాదే నువ్వు, పైలట్‌కే మొగుడివి" అని అరిచింది. బ్రష్ కట్టర్ మోతలో పైలట్‌కి వినపడలేదు.

మూడున్నరకి వరండా కింద ఒక్క ముక్క మిగిలింది. నాలుగైదు చాళ్ళు, అంతే. కుర్చీలవాళ్ళు కోసిన చోట అప్పుడే వరసలు వేస్తున్నారు.

ఇంజను ఊపిరి మింగింది.

దువ్వెన ఒళ్ళంతా చెవులయ్యాయి. మళ్ళీ అందుకుంది. నాలుగడుగులు. మళ్ళీ మింగింది, ఈసారి ఎక్కువసేపు. ఆమె మెషిన్‌ని ఆపలేదు, ఎవరూ ఆపరు. దగ్గేదాన్ని ఆపి చల్లారనిచ్చి చూడొచ్చని అందరికీ తెలుసు. కానీ ఆపితే మళ్ళీ అంటుకోకపోతే, అది ఆపిన చేతి ఖాతాలో పడుతుంది. అందుకే చచ్చేదాకా తోస్తారు. ఇక్కడ మెషిన్లన్నీ అలా చచ్చినవే.

తలెత్తి చూసింది. అంచు దగ్గర పైలట్ బ్రష్ కట్టర్ దించి నిలబడ్డాడు. అతనూ విన్నాడు. ఆమెకేసి చూసి, గడ్డంతో పిన్నివైపు చూపించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. త్వరగా ఇచ్చెయ్ అని. అతని మొహంలో నిజంగా ఆదుర్దా ఉంది. తాత మెషిన్ ఆమెకి దక్కాలని ఇప్పుడు అతను కూడా కోరుకుంటున్నాడు. అతనికి తెలిసిన దారి అదొక్కటే.

"పిన్నీ" అంది దువ్వెన.

ఆ మాట ఆమె నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంజను మింగిన ప్రతిసారీ పక్క గదీ, తలెత్తి నడిచిన ఈ రెండు గంటలూ కళ్ళముందు తిరిగాయి. నాలుక దాని పని అది చేసుకుపోయింది. "పిన్నీ, కాస్త పట్టుకుంటావా? నీళ్ళు తాగొస్తా."

పిన్ని పళ్ళకర్ర వదిలేసింది. "నిజంగానా?" అంది. నడుముకి కట్టుకున్న గుడ్డకి చేతులు రెండువైపులా తుడుచుకుంది, మళ్ళీ ఇంకోసారి తుడుచుకుంది, మట్టి చేతులతో ముట్టుకోకూడని వస్తువేదో తీసుకోబోతున్నట్టు. గబగబా వచ్చింది. ఆ మొహం నిండా సంతోషం. అంత సంతోషంలో ఆమెకి దగ్గు వినపడలేదు.

పొద్దున పది అడుగుల పాటు తన మొహం ఎలా ఉండి ఉంటుందో దువ్వెనకి ఇప్పుడు కనపడింది.

పిన్ని చేయి పిడి దాకా వచ్చింది. దువ్వెన మోచేత్తో దాన్ని పక్కకి తోసింది. వేళ్ళతో తీగ మెలిక పట్టుకుని విప్పింది. ఏళ్ళ తరబడి బిగిసిన మెలిక, గోరు ఊడినంత నొప్పి పుట్టింది. తీగ వదులైంది. కడ్డీ టప్పున పైకి లేచింది. మెషిన్ ఆగిపోయింది.

"అదేంటే" అంది పిన్ని, చాచిన చేతులు చాచినట్టే ఉంచి.

"దగ్గుతోంది పిన్నీ. నీకు ఇవ్వబోయాను" అంది దువ్వెన. "ఇవ్వబోయాను."

పిన్ని మెషిన్‌కేసి చూసింది, దువ్వెనకేసి చూసింది. చేతులు మెల్లగా దించుకుంది. తిట్టినా బాగుండేది.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ఆగిందా? మళ్ళీ ఆగిందా?"

"నేనే ఆపాను మేస్త్రీగారూ. చావడానికి సిద్ధంగా ఉంది. బాగు చేయించి ఇవ్వండి, అప్పుడు తోస్తాను."

"ఆపావా? ఎవరు ఆపమన్నారు? అరగంటలో వాళ్ళొచ్చి కూచుంటారు, ఇక్కడ ఈ ముక్క గుబురుగా పెట్టుకుని... తాడు లాగు. లాగి పట్టుకో."

"పట్టుకోను."

"రెండోది పడుతుంది నీకు. తాత మెషిన్ మర్చిపో ఇక."

"పడనివ్వండి. దగ్గేదాన్ని నేను పట్టుకోను, ఇంకొకరికి ఇవ్వను."

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. తాత తన మెషిన్ ఆపి, చెవి ఇటు పెట్టి నిలబడ్డాడు. పొడుగోడు గీకడం ఆపాడు. మేనేజరు వరండాలోకి నాలుగోసారి వచ్చాడు. మేస్త్రీకి ఇక మాటలకి వ్యవధి లేదు. తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, తిట్టుకుంటూ, తనే తాడు అందుకున్నాడు. కడ్డీని ఒక చేత్తో పిడికి అదిమి పట్టి, రెండో చేత్తో లాగాడు. నాలుగోసారికి అంటుకుంది. ఇంజను దగ్గింది, అందుకుంది, మళ్ళీ దగ్గింది.

"ఊఁ, రండి, ఎవరైనా పట్టుకోండి" అన్నాడు. తీగ కోసం చూశాడు. తీగ దువ్వెన గుప్పిట్లో ఉంది. కడ్డీ వదిలితే ఆగిపోతుంది. వదలకపోతే... ఇంజను మింగిన ఊపిరి అతని భుజాల దాకా పాకింది. మేస్త్రీ మొహం మారింది. పదిహేనేళ్ళుగా ఎవరి చేతిలో ఆగిందని అడిగిన మనిషి, తన చేతులకేసి చూసుకున్నాడు.

"పొడుగోడా, రారా."

పొడుగోడు పళ్ళకర్ర జాగ్రత్తగా గోడకి ఆనించాడు. "దాహంగా ఉంది మేస్త్రీ" అన్నాడు. "నీళ్ళు తాగొస్తా." అని కొళాయివైపు నడిచాడు. నడక నెమ్మదిగా ఉంది.

"తాతా."

"నాకూ నోరెండిపోతోంది నాయనా" అన్నాడు తాత. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, తడుముకుంటూ అటే వెళ్ళాడు.

పిన్ని నేలమీది పళ్ళకర్ర తీసింది. ఒక్క క్షణం దువ్వెన మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో క్షమించడం ఇంకా లేదు. "పదవే" అంది. "నాకు పొద్దుట్నుంచీ దాహమే." ఇద్దరూ వెళ్ళారు.

ఇక పైలట్ మిగిలాడు. బ్రష్ కట్టర్ భుజానికి వేలాడుతోంది. మేస్త్రీకీ కొళాయికీ సరిగ్గా మధ్యలో ఉన్నాడు.

"రారా పైలట్" అన్నాడు మేస్త్రీ. గొంతులో అరుపు పోయి, అడుగుతున్నట్టుంది. "నువ్వు మంచివాడివి. నీకు పడిన రెండూ కొట్టేయిస్తా, నాది పూచీ. ఇంకొక ఏడాది నీ జోలికెవరూ రారు. వచ్చి పట్టుకో."

పైలట్ ఒక అడుగు మెషిన్ వైపు వేశాడు. ఆగాడు. తలతిప్పి చూశాడు.

కొళాయి దగ్గర తాత తాగి గ్లాసు పిన్నికిచ్చాడు. పిన్ని తాగి దువ్వెనకిచ్చింది. ఆమె తాగలేదు. గ్లాసు తొలిచి, నిండా పట్టి, మొగుడివైపు చాపింది. పిలవలేదు. చేయి చాపి నిలబడింది, అంతే. గొలుసు సాగినంత దూరం సాగి, బిగిసింది. అక్కణ్ణుంచి అతని దాకా ఇంకా చాలా గడ్డి ఉంది.

వరండాలో మేనేజరు ఏదో అడుగుతున్నాడు, ఎవరికీ వినపడటం లేదు. కోయకుండా మిగిలిన ముక్క పక్కన తెల్లకుర్చీలు వరసగా ఎదురు చూస్తున్నాయి. మెషిన్ మేస్త్రీ చేతుల్లో దగ్గుతోంది. దువ్వెన చాపిన చేయి దించలేదు. గ్లాసు అంచు మీంచి నీళ్ళు తొణికి, ఆమె కోసిన తిన్నని చాలు మీద పడుతున్నాయి.